చిన్న కారు – ఓడ మీది గీత

ఆదివారం తెల్లవారుజామున రామకృష్ణా బీచి నుండి భీమిలి వైపు సాగే సముద్రతీర మార్గంలో కొద్దిసేపు నిలబడి చూచినవారికి ఒక సంగతి తెలుస్తుంది. ఆ వేళకు రోడ్డు మీదికి ముచ్చటగా వచ్చేవి చిన్న కార్లు. ఒక పాత మారుతి 800, ఒక జెన్, ఒక శాంట్రో, రెండు మూడు ఆల్టోలు, స్విఫ్టులు. ఒకదానికి వెడల్పు చక్రాలు, ఇంకొకదానికి కొత్త రంగు, మరొకదానికి దర్జీ చేత ప్రత్యేకంగా కుట్టించిన సీటు కవర్లు. రుషికొండ దాపుల ఒక ప్రక్కగా ఆపి, బానెట్ ఎత్తి, నలుగురు నాలుగు వైపుల నుండి లోపలికి తొంగి చూస్తూ గంటసేపు మాట్లాడుకోవడం కూడా అరుదు కాదు. వీరు పందెగాండ్రు కారు, శ్రీమంతులూ కారు. ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో జీతానికి పనిచేసేవారు, లేక వారి బిడ్డలు.

తెలుగు బోధించే వానికి కార్లతో ఏమి పని అని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. పాఠం ముగిసిన తరువాత నా వద్దకు వచ్చే విద్యార్థులు ఛందస్సును గురించి ఎన్ని ప్రశ్నలు వేస్తారో, సైలెన్సర్లను గురించి కూడా దాదాపు అన్ని ప్రశ్నలు వేస్తారు. అది మొదటి కారణం. రెండవ కారణం నేను ఒకప్పుడు చేసిన తప్పు. దానిని తగిన చోట చెబుతాను. సొంత కారును తన అభిరుచికి తగినట్లు మార్చుకొని ఆనందించడం ఒక విద్య అనీ, ఆ విద్యకు మొదటి పాఠం హద్దును తెలుసుకోవడమే అనీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చిన్న కారు వచ్చిన విధం

మన విశాఖపట్నం జీతగాండ్ర నగరం. 1933లో ఓడరేవు ప్రారంభమైనది. 1941లో నౌకా నిర్మాణశాలకు పునాది పడినది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చినది. ప్రజల ఆందోళన ఫలితంగా లభించిన ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమైనది. ఈ సంస్థలలో పనిచేసిన మొదటి తరం వారికి సైకిలు తరువాత స్కూటరు, స్కూటరుతో ఆశ సమాప్తం. కారు అంటే అంబాసిడరో, పద్మినియో. అవి కార్యాలయాలకూ, డాక్టర్లకూ, వ్యాపారస్తులకూ చెందినవి.

ఆ స్థితిని మార్చినది మారుతి 800. 1981లో మారుతి సంస్థ ఏర్పడినది. మరుసటి సంవత్సరం జపానుకు చెందిన సుజుకీ సంస్థతో ఒప్పందం కుదిరినది. 1983 డిసెంబరు 14న గుర్‌గావ్ కర్మాగారపు మొదటి కారు తాళపుచెవులను నాటి ప్రధాని ఇందిరాగాంధీ కొనుగోలుదారునికి అందజేసినారు. ధర అప్పటికి యాభై వేల రూపాయలకు లోపు. మూడు సిలిండర్లు, 796 సి.సి. ఇంజను, ముందు చక్రాలకే శక్తి, చేతితో మార్చుకొనే నాలుగు గేర్లు. తరువాత 1993లో జెన్, 1998లో శాంట్రో, ఇండికా, 2000లో ఆల్టో, 2005లో స్విఫ్టు వచ్చినవి. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినది. అయినా గాజువాక ఆటోనగర్ షెడ్లలో అది నేటికీ కనబడుతూనే ఉన్నది.

వీటిని హ్యాచ్‌బ్యాక్ కార్లు అంటారు. వెనుక వేరుగా పొడుచుకొని వచ్చిన డిక్కీ ఉండదు. వెనుక అద్దంతో సహా తలుపు పైకి లేస్తుంది. పొడవు తక్కువ, బరువు తక్కువ. బరువు తక్కువైన బండి తేలికగా కదులుతుంది, తేలికగా మలుపు తిరుగుతుంది, తేలికగా ఆగుతుంది. చిన్న కారులోని ఆనందానికి మూలం ఇదే.

ఈ సంగతి మనకంటె ముందు ఇంగ్లండువారు గ్రహించినారు. స్మిర్నా అనే రేవు పట్టణంలో పుట్టిన అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేసిన మినీ కారు 1959లో వెలువడినది. పెట్రోలు పొదుపు కోసం పుట్టిన ఆ సామాన్యుల కారులో మలుపు తిరిగే నేర్పును, పందెపు కార్లు నిర్మించే జాన్ కూపర్ పసిగట్టినాడు. 1961లో మినీ కూపర్ వచ్చినది. అది 1964, 1965, 1967 సంవత్సరాలలో మాంటీ కార్లో ర్యాలీలో, తనకంటె ఎంతో శక్తిమంతమైన కార్లను వెనుకకు నెట్టి విజయం సాధించినది. మన దేశంలోనూ ఇటువంటి చరిత్ర ఉన్నది. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతోనే ఒక్క మనిషి కూర్చొనే ఫార్ములా మారుతి పందెపు కార్లను తయారు చేయించినారు. 2005లో ఫార్ములా వన్ పోటీలలో పాల్గొన్న మొదటి భారతీయుడైన నరేన్ కార్తికేయన్ తొలి రోజులలో నడిపిన కార్లు అవే. పాల కోసం, బడి కోసం బయలుదేరే బండి ఇంజనే పందెపు మైదానంలో విద్యార్థులకు గురువైనది. అయితే కూపర్ గాని, కరివర్ధన్ గాని కొలవకుండా ఏ మార్పూ చేయలేదు. వారి బండ్లు పరుగెత్తినది పందెపు దారులలో గాని నలుగురూ నడిచే బజారులో కాదు.

చేతి గేరు నేర్పే పాఠం

ఇంజను ఒక నిర్ణీత వేగంలోనే హాయిగా పనిచేయగలదు. చక్రానికి మాత్రం ఒకప్పుడు బలం, ఒకప్పుడు వేగం కావాలి. ఈ ఇద్దరికీ మధ్య రాయబారం నడిపేది గేర్‌బాక్సు. మొదటి గేరులో ఇంజను అనేక సార్లు తిరిగితే గాని చక్రం ఒకసారి తిరుగదు. అందువలన వేగం తక్కువ, తిప్పే బలం ఎక్కువ. గేరు పెంచుతున్న కొద్దీ బలం తగ్గి వేగం పెరుగుతుంది. క్లచ్చి ఈ రాయబారికి కొంచెం విరామం ఇస్తుంది. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు ఇంజను గొంతు బరువెక్కగానే, మీటరు చూడకుండా, చెవితో విని గేరు తగ్గించేవాడు ఈ శాస్త్రాన్ని పుస్తకం లేకుండానే చదివినవాడు.

అరకు ఘాట్ రోడ్డు దీనికి మంచి పరీక్షాశాల. శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమైనదో దిగేటప్పుడు కూడా అదే గేరు వాడాలని పెద్దలు చెబుతారు. ఇందులో అర్థం ఉన్నది. యాక్సిలరేటరు వదలి చిన్న గేరులో దిగితే ఇంజనే బండిని వెనుకకు పట్టి ఉంచుతుంది. అలా కాక పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దింపితే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. పైగా ఇటీవలి ఇంజెక్షన్ కార్లలో ఆ ఆదా కూడా భ్రమే. గేరులో ఉండగా యాక్సిలరేటరు వదిలితే ఇంజనుకు పెట్రోలు దాదాపుగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను తిరగడానికి కొంత ఖర్చవుతూనే ఉంటుంది.

నేడు గేర్లు తానే మార్చుకొనే చిన్న కార్లు వచ్చినవి. విద్యుత్తు కార్లలో గేరు రాడ్డు అనవసరమే అయినది. జగదాంబ కూడలి రద్దీలో ఎడమ కాలు నొప్పి పెట్టినవారెవ్వరూ ఆ సౌకర్యాన్ని నిందించరు. కాని యంత్రం కష్టాన్ని చేతితో, కాలితో, చెవితో తెలుసుకొనే అలవాటు చేతి గేరు వలన వచ్చినంతగా మరొక దాని వలన రాదు. కారు మార్పులను గురించి ఆలోచించేవానికి ఈ అలవాటే తొలి మెట్టు.

కాపాడే మార్పులు, చెరిచే మార్పులు

మన ఊరిలో కారుకు చేయవలసిన మొదటి మార్పు అందం కోసం కాదు, ఆయుష్షు కోసం. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుమును తినివేస్తుంది. తలుపుల అడుగున నీరు పోవడానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో పూడుకుంటే తలుపు లోపలి నుండి తుప్పు పడుతుంది. ఒక పుల్లతో వాటిని శుభ్రం చేయడం, తీరం వెంట తిరిగి వచ్చిన తరువాత బండి అడుగు భాగాన్ని మంచినీటితో కడగడం, అడుగున తుప్పు నిరోధకపు పూత వేయించడం – ఇవి చాలా చౌకైన పనులు. వీటి వలన చేకూరే ప్రయోజనం ఖరీదైన చక్రాల వలన చేకూరదు.

రెండవది గాలి. ఇంజను పీల్చే గాలిని వడకట్టే ఫిల్టరును తీసివేసి, శంకువు ఆకారంలో ఉండే బయటి ఫిల్టరును అమర్చడం యువకులకు ఇష్టమైన మార్పు. శబ్దం గంభీరంగా మారుతుంది. దానిని శక్తి అనుకొంటారు. బానెట్ క్రింది గాలి వేడి గాలి. వేడెక్కిన గాలి పలుచన. పలుచని గాలిలో ప్రాణవాయువు తక్కువ, కనుక శక్తి కూడా తక్కువ. అంతేగాక బొగ్గు, ఇనుప ఖనిజం దిగే రేవు ఉన్న ఊరు మనది. సరిగా వడకట్టని ధూళి సిలిండరు గోడలను ఆకురాయివలె అరగదీస్తుంది.

మూడవది చక్రాలు. ఇక్కడ చిన్న లెక్క వేసి చూపుతాను. మారుతి 800కు కంపెనీ అమర్చిన టైరు మీద 145/70 ఆర్ 12 అని ఉంటుంది. 145 మిల్లీమీటర్లు వెడల్పు. అందులో నూటికి 70 వంతులు, అంటే 101.5 మిల్లీమీటర్లు టైరు గోడ ఎత్తు. పైన, క్రింద కలిపి 203. పన్నెండంగుళాల రిమ్ము 304.8. మొత్తం చక్రం ఎత్తు సుమారు 508 మిల్లీమీటర్లు. దీని స్థానంలో 155/70 ఆర్ 13 టైరు వేస్తే అదే లెక్క ప్రకారం ఎత్తు సుమారు 547 వస్తుంది. నూటికి దాదాపు 8 వంతులు పెరిగినది. మీటరుకు ఈ సంగతి తెలియదు; అది 60 అని చూపుతున్నప్పుడు బండి దాదాపు 65 వేగంతో పోతూ ఉంటుంది. పైగా చక్రం పెద్దదైతే పెద్ద గేరు వేసినట్లే. ఎత్తు మీద లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది. మలుపులో టైరు లోపలి అంచుకు రాచుకొనే ప్రమాదం వేరు.

నాలుగవది దీపాలు. హెడ్‌లైటులోని అద్దపు గిన్నె, బల్బులోని తీగ ఉండే చోటును లెక్కించి చేసినది. వేరే రకం బల్బు పెడితే ఆ లెక్క తప్పి వెలుగు చెదరిపోతుంది. మనకు దారి బాగా కనబడుతున్నట్లే ఉంటుంది. ఎదుటి స్కూటరు వానికి ఏమీ కనబడదు. ఎక్కువ వాట్ల బల్బు వేస్తే వైర్లు వేడెక్కి కరగవచ్చును.

అయిదవది సైలెన్సరు. దాని పేరులోనే దాని ధర్మం ఉన్నది. రాత్రివేళ తీరం రోడ్డు మీద ఒక యువకుని సంతోషానికి ఆసుపత్రి మంచం మీది రోగి నిద్ర ఖర్చు కాకూడదు.

ఇక బ్రేకులు. వేగం రెట్టింపయితే బండిలోని చలనశక్తి నాలుగు రెట్లవుతుంది. 40 వేగంలో ఆగడానికి పట్టే బ్రేకు దూరం 80 వేగంలో నాలుగు రెట్లు. ఈ లెక్క తెలిసినవాడు మొదట బ్రేకులను, టైర్లను బాగుచేయించి, ఆ తరువాతనే ఇంజను జోలికి పోతాడు. తెలియనివాడు దీనికి సరిగా తలక్రిందులుగా చేస్తాడు.

నా తప్పు

తలక్రిందులుగా చేసినవారిలో నేనూ ఒకణ్ణి. 2011లో నేను ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎం.ఏ. చదువుతున్నాను. మా నాన్నగారు పదవీ విరమణ డబ్బులో కొంత పెట్టి, ఇతరులు వాడిన 1997 నాటి మారుతి 800 కొన్నారు. మా ఇంటికి వచ్చిన మొదటి కారు అది. బండి నేలకు ఆనుకొన్నట్లు కనబడితే అందమని నాకు తోచినది. ఒక షెడ్డులో ముందు స్ప్రింగులను గ్యాసు మంటతో కాల్చి కుంగదీయించినాను. పదమూడు అంగుళాల చక్రాలు వేయించినాను. స్నేహితులు మెచ్చుకొన్నారు. నాన్నగారు ఏమీ అనలేదు.

నెల తరువాత కుటుంబంతో అరకు వెళ్లి తిరిగి వస్తుండగా, ఘాట్ మలుపులో టైరు లోపలి రేకుకు రాచుకొని ప్రక్క గోడ చీలి పేలిపోయినది. బండి కొండ వైపు కాలువలో దిగబడినది. లోయ వైపు పోకపోవడం కేవలం భగవంతుని దయ, నా నేర్పు కాదు. వెనుక కూర్చొన్న మా తల్లిగారి మణికట్టు విరిగినది.

బండిని గాజువాకలో ఒక వృద్ధ మెకానిక్కు వద్దకు చేర్చినాము. అందరూ ఆయనను ఉస్తాద్ అనేవారు. ఆయన స్ప్రింగును విప్పి నా చేతిలో పెట్టినాడు. "బేటా, మీ నాన్న ఏం పని చేశాడు?" అని అడిగినాడు. ఉక్కు కర్మాగారంలో అని చెప్పినాను. "అయితే ఇనుముకు పదును ఎలా పెడతారో ఇంట్లో అడగలేదా?" అన్నాడు.

నిజమే. స్ప్రింగు ఉక్కును ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచి, తిరిగి మితమైన వేడిమీద పెట్టి దానికి సాగి నిలిచే గుణం కలిగిస్తారు. మన కమ్మరి పదును అనేది దీనినే. ఆ తరువాత దానిని లెక్క లేకుండా మంటలో పెడితే ఆ పదును చెడిపోతుంది. చూపుకు స్ప్రింగే గాని లోపల అది ఉత్త ఇనుప చుట్ట. ఉక్కు నగరంలో పుట్టి, ఉక్కు కూలీతో చదువుకొంటూ, ఈ మాత్రం తెలియక నా తల్లిని ఆ చుట్ట మీద కూర్చోబెట్టినాను.

ఆ వేసవి అంతా ఉస్తాద్ షెడ్డుకు వెళ్లినాను. ఆయన మాట ఒకటి నాకు మంత్రమైనది: "కంపెనీవాడు పెట్టిన కొలత నీకు నచ్చకపోవచ్చు. ముందు అది ఎందుకు పెట్టాడో నాకు చెప్పు. చెప్పగలిగిన రోజున ఇద్దరం కలిసి మారుద్దాం." అక్కడనే ఒక భాషా సంగతి కూడా గమనించినాను. ఆ షెడ్డులో వినబడే పానా ఉర్దూ నుండి వచ్చినది. మిస్త్రీ పోర్చుగీసు మాటకు రూపాంతరం. అదనపు చక్రానికి వాడే స్టెప్నీ వేల్సు దేశంలోని ఒక వీధి పేరు. ఇన్ని దేశాల మాటలతో తెలుగులో జరిగే ఆ పాఠశాలకు తలుపులు లేవు, ఫీజు లేదు.

ఓడ మీది గీత

ఇప్పుడు శీర్షిక సంగతి. మన రేవులో ఆగిన ఏ సరుకు ఓడనైనా గమనించండి. దాని ప్రక్క భాగాన ఒక వలయం, ఆ వలయం మధ్యగా ఒక అడ్డగీత కనబడతాయి. ఓడ అంతకంటె లోతుకు మునిగేటట్లు సరుకు నింపరాదు. పూర్వం లాభాపేక్షతో మితిమీరి నింపిన ఓడలు మునిగి నావికులు ప్రాణాలు కోల్పోయేవారు. బ్రిటిషు పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్‌సాల్ పోరాటం వలన 1876లో ఈ గుర్తు తప్పనిసరి అయినది. అయితే ఆ చట్టంలో ఒక లోపం ఉన్నది. గీత ఉండాలన్నారు గాని, ఎక్కడ ఉండాలో ఓడ యజమాని ఇష్టానికి వదిలినారు. తన ఇష్టానికి గీసుకొనే గీత గీత కాదని గ్రహించి, 1890లో మరొక చట్టంతో దాని స్థానాన్ని నిర్ణయించినారు.

కారుకు కూడా ఇటువంటి గీత ఉన్నది. అది రిజిస్ట్రేషన్ పత్రం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు విరుద్ధమయ్యేటట్లు యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని ఒక తీర్పులో ధ్రువీకరించినది. అదే సంవత్సరం జరిగిన సవరణ వలన, అనుమతి లేని ప్రతి మార్పుకూ అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చును. గ్యాసు కిట్టు అమర్చుకోవడం, వికలాంగులు నడుపుకొనేందుకు వీలుగా మార్చుకోవడం వంటివి నియమాల ప్రకారం చేసి పత్రంలో నమోదు చేయించుకోవచ్చును. అద్దాలకు కూడా లెక్క ఉన్నది: ముందు, వెనుక అద్దాల నుండి నూటికి 70 వంతుల వెలుగు, ప్రక్క అద్దాల నుండి 50 వంతుల వెలుగు లోపలికి రావాలి.

చట్టమంటే ఆనందానికి ఆటంకమని తలచనక్కరలేదు. గీత ఉన్నందువలన ఓడ ప్రయాణం ఆగలేదు. ప్రయాణం నమ్మదగినది అయినది. గీతకు లోపల చేయదగినవి ఎన్నో ఉన్నవి. పాత సీట్లను తిరిగి కుట్టించుకోవచ్చును. పాటల పెట్టెను మార్చుకోవచ్చును. అరిగిన రబ్బరు బుష్షులు మార్చి, చక్రాల అలైన్‌మెంటు చూపించి, ప్లగ్గులు శుభ్రం చేసి, కార్బురేటరు బండి అయితే దానిని చెవితో విని సరిచేయించి, ఇరవై ఏండ్ల కారును కొత్త పెళ్లికొడుకు వలె నడిపించవచ్చును. ఇందులోని తృప్తి డబ్బు పెట్టి కొన్న మెరుపులో ఉండదు.

ఒక విన్నపం

మన కళాశాల పాలకవర్గం వారికి ఒక చిన్న విన్నపం. ఏడాదికి రెండు సార్లు, ఒక శనివారం మధ్యాహ్నం, ఆటోనగర్ నుండి అనుభవం గల ఒక ఉస్తాద్‌ను పిలిపించి, ఆవరణలో ఒక పాత కారు బానెట్ తెరిపించి విద్యార్థినీ విద్యార్థులకు చూపించవలెనని నా ప్రార్థన. భౌతికశాస్త్రం వారు బ్రేకు లెక్క చెప్పగలరు. రసాయనశాస్త్రం వారు తుప్పును గురించి చెప్పగలరు. పానా, మిస్త్రీ మాటల పుట్టుక చెప్పడానికి ఉర్దూ, తెలుగు శాఖల వారము మేమున్నాము. అందుకు కారు కావలసి వస్తే మా కారు ఉన్నది. పదిహేనేండ్లు నిండిన తరువాత పరీక్షకు నిలిపి రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకొంటూ వస్తున్నాము. దానికి ఇప్పుడు పన్నెండంగుళాల చక్రాలే ఉన్నవి.

విద్యార్థి మిత్రులారా, మీ బండిని మార్చవద్దని నేను చెప్పడం లేదు. మార్చే ముందు దాని కొలతలు తెలుసుకోండి. ఆ కొలత ఎందుకు పెట్టినారో ఇంకొకరికి వివరించగలిగేంత వరకు ఆగండి. మీ వెనుక సీటులో ఎవరు కూర్చొంటారో ఒకసారి తలచుకోండి. చలి పెరిగిన ఉదయాలలో మా తల్లిగారు ఇప్పటికీ టీ గ్లాసును ఎడమ చేతితోనే పట్టుకొంటారు. ఆ విషయమై ఆమె నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు.